చేపల కాటా

శుక్రవారం షిఫ్టు దిగాక
హాడక్ పెట్టెలు తూచే కాటా మీద
మమ్మల్ని మేం తూచుకునేవాళ్లం.
రబ్బరు బూట్లు విప్పి, ఏప్రన్లు విప్పి,
జేబులో తాళాలు కూడా తీసి పక్కన పెట్టి,
ఊపిరి బిగబట్టి.
ఊపిరికీ బరువుంటుందని మాకెవరు చెప్పారో!

తొమ్మిదిమందిమి. పది వారాలు.
గోడ మీద సుద్దతో రాసిన పందెం:
అందరం కలిసి రెండు పెట్టెల చేపంత తగ్గాలి.
ఎల్స్‌పెత్ ఆలోచన అది.
తన మోకాళ్లకీ మెట్లకీ మాటల్లేవట, ఏడాదిగా.

మార్చి నెల, పీటర్‌హెడ్ రేవు, ఇంకా తెల్లారని ఐదున్నర.
గోడ వెంట పరుగు.
పరుగంటే పరుగు కాదు,
గాలి వెనక్కి నెడుతుంటే
ఉన్నచోట ఉండటానికి పెనుగులాట.
ఉత్తర సముద్రం మొహాన ఉప్పు విసిరేది.
వలల గుట్టల పక్కన గుంజీళ్లు తీశాం
బడికి ఆలస్యమైన పిల్లల్లా.
పడవ మీంచి ఓ కుర్రాడు ఈల వేశాడు.
షోనా వాణ్ణి వాళ్లమ్మ పేరు పెట్టి పిలిచింది.
మళ్లీ ఈల వినపడలేదు.

మొదటి వారం నేను అరకిలో పెరిగాను.
సుద్దముక్క ఫెనెల్లా చేతిలో.
నా పేరు పక్కన కూడిక గుర్తు
అంత అందంగా ఎందుకు పెట్టాలి?
ఆ రాత్రి వంటగదిలో లైటు వేయకుండా
చల్లారిన చిప్స్ తిన్నాను.
చీకట్లో తిన్నది లెక్కలోకి రాదనుకున్నాను.
కాటా గుడ్డిది కాదు.

డోలీనా మాత్రం
సబ్బుబిళ్లలా అరుగుతూ వచ్చింది.
రెండు కిలోలు. మూడు. మళ్లీ రెండున్నర.
ప్రతి శుక్రవారం చప్పట్లు,
బల్లల మీద కత్తి పిడులతో దరువు.
రహస్యం చెప్పవే, అని మేం.
ఏమీ లేదు, అని తను.
అదే జవాబని
మాకెవరికీ తట్టలేదు.

ఆరో వారం, లైట్‌హౌస్ మలుపు దగ్గర
తను కూర్చుండిపోయింది.
పడలేదు. కూర్చుంది,
చేతిసంచి కింద పెట్టినంత నెమ్మదిగా.
"మర్డో పోయాక
ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు.
వెలిగించినా
చెయ్యి రెండు పళ్లాలు తీస్తుంది.
అవి చూసి ఆర్పేస్తాను."

మర్డో అంత్యక్రియల్లో అందరం ఉన్నాం.
ఆ తర్వాతి రాత్రి భోజనాల్లో
ఒక్కరం లేము.

కొట్టిన చప్పట్లన్నీ
అరచేతుల్లోకి తిరిగొచ్చాయి.

ఎల్స్‌పెత్ కోటు కప్పింది.
షోనా జేబులోంచి ఓ షార్ట్‌బ్రెడ్ బయటపడింది.
ఏడుగురం ఒకే చూపు చూశాం.
"మొదటి రోజు నుంచీ ఉందక్కడ," అంది షోనా,
"తినడానికి కాదు, ధైర్యానికి."
డోలీనా దాన్ని అంచుల నుంచి కొరికింది,
పిల్లలు చంద్రుణ్ణి గీసేటంత శ్రద్ధగా.

అప్పటినుంచి వంతులు.
సోమవారం మా ఇల్లు:
పొగబెట్టిన హాడక్, బంగాళాదుంప, పాలు,
గరిటె నిలబడేంత చిక్కటి సూప్.
తను మాట్లాడుతూ తిన్నది.
నేను వింటూ తిన్నాను.
గిన్నెలో సగం మిగిలింది నాకు.
ఎవరో తూస్తారని కాదు.
చాలనిపించింది, అంతే.

చివరి శుక్రవారం.
ఒక పెట్టె, ఇంకో పెట్టెలో సగం:
పందెం ఓడిపోయాం.
డోలీనా కాటా ఎక్కింది,
బూట్లు విప్పకుండానే.
బూట్ల బరువు తీసేసినా
నాలుగు వందల గ్రాములు ఎక్కువ.
ఫెనెల్లా కూడిక గుర్తు పెట్టింది.
ఈసారీ అంతే అందంగా.
చప్పట్లు కొట్టాలా వద్దా అని
మేం మొహమొహాలు చూసుకుంటుంటే
తనే మొదలుపెట్టింది.

గోడ వెంట ఇప్పటికీ వెళ్తున్నాం.
గాలి అదే. మేమే కాస్త ముందుకు పడుతున్నాం.
వచ్చే సోమవారం మా ఇంటికి రండి, అంది డోలీనా
మలుపు దాటాక, రొప్పుతూ,
తొమ్మిది పళ్లాలున్నాయో లేదో చూడాలి.

నాలుగే ఉన్నాయట.
గిన్నెలు మేమే పట్టుకెళ్లాం.